మెట్లెక్కగలరు

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. అప్పటినుంచి ఈ నలభై ఒకటో ఏడు దాకా ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టకుండా నేను ఎక్కిన బండి లేదు. ధర్మవరం స్టేషన్లో మా నాయన సంజీవప్ప ఎత్తేవాడు. రోజంతా మగ్గం మీద పట్టుచీరలు నేసి వచ్చినా, నన్ను భుజాన వేసుకుని ప్యాసింజరు ఎక్కేవాడు. పెళ్లయ్యాక హిందూపురం బస్టాండులో ఆ పని మా ఆయన గంగాధరది. కండక్టర్లు కూడా ఓ చెయ్యి వేస్తారు. చిల్లర అడిగితే మాత్రం చెయ్యి ఆడదు.

అందుకే మా చెల్లెలు భవాని వైజాగుకు రమ్మన్నప్పుడు రైలు వద్దన్నాను. మనిషిని కుర్చీతో సహా విమానం తలుపు దాకా లేపే బండి ఒకటుంటుందని ఫోన్లో చూశాను. ఒక్కసారైనా ఎవరి చేతుల్లోనూ లేకుండా ఎక్కాలి. సముద్రం సంగతి తర్వాత.

మా ఇంట్లో ఒక అబద్ధం ఉంది. పందొమ్మిదేళ్ల కిందట పెనుకొండలో చుట్టాలింట్లో పెళ్లిచూపులు. మా వాళ్లు నన్ను గంట ముందే చాప మీద కూర్చోబెట్టి, పట్టుచీర కుచ్చిళ్లు కాళ్లు కనబడకుండా పరిచారు. అడిగినవాళ్లకు నాయన "ఏదో రవ్వంత నడుస్తాది" అన్నాడు. నడిచి చూపించమని ఎవరూ అడగలేదు. మర్యాదస్తులు. గంగాధరకు మాత్రం నిజం నేనే చెప్పాను, కాఫీ చల్లారేలోగా. అయినా చేసుకున్నాడు. నాతోపాటు నాయన చెప్పిన ఆ మాటనూ ఇంటికి తీసుకెళ్లి, చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ అదే చెబుతూ వచ్చాడు. నా పరువు కాపాడుతున్నాననుకున్నాడు. నేనూ కాదనలేదు.

బెంగళూరు ఎయిర్‌పోర్టులో మమ్మల్ని, నా చక్రాల కుర్చీతో సహా, బస్సులో తీసుకెళ్లి విమానం మెట్ల కింద దింపారు. అందరూ ఎక్కిపోయారు. అక్కడ డ్యూటీలో ఉన్నామె పేరు రాధిక, మాట మడకశిర. చేతిలోని కాగితం చూసి, "నిదానంగా ఎక్కండి అక్కా, పట్టుకుంటా" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన విమానం రెక్క వైపు చూశాడు. ఫోన్లో టికెట్ తీసేటప్పుడు చక్రాల కుర్చీ గురించి అడిగితే, అలవాటుకొద్దీ 'మెట్లెక్కగలరు' అని నొక్కాడట.

"ఎత్తుకుంటాలే, పదిహేను మెట్లే గదా" అని వంగాడు.

"వొద్దు."

"జనాలు చూస్తాండారు మే."

నేను రాధిక వైపు తిరిగాను. "నేను నడవలేనమ్మా. రవ్వంత గూడా. లిఫ్టు బండి పిలిపించు."

ఆయన ముందు పరాయివాళ్లతో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన చాచిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

బండి ఇంకో విమానం దగ్గర ఉందనీ, ఆలస్యమైతే మమ్మల్ని వదిలేసి పోతారనీ రాధిక చెప్పింది. పోతే పోనీ అన్నాను. అన్నంత తేలిక కాదు. పైన తలుపులో ఒకమ్మాయి మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది.

మా ఆయన నా మీద ఎండ పడకుండా అడ్డంగా నిలబడ్డాడు. "నాకు తెలుసు గదా. చెప్పేదానికే నోరు రాలా" అన్నాడు.

"నాయనకూ అంతే" అన్నాను. నాయన పోయి ఆరేళ్లు.

తలుపు మూస్తారేమో అనుకుంటుండగా బండి వచ్చింది. కుర్చీని బండి మీదున్న గదిలోకి తోసి చక్రాలు బిగించారు. రాధిక నా పక్కన నిలబడింది. మా ఆయన ఒక్కడే మెట్ల మీదుగా వెళ్లాడు. గది మెల్లగా పైకి లేచింది. చెవి దగ్గర ఎవరి ఆయాసమూ లేదు, నడుం చుట్టూ ఎవరి చెయ్యీ లేదు. ఎన్నేళ్లుగా కోరుకున్నదో అదే.

సగం ఎత్తుకు పోయాక నా చేతులు రెండూ వాటంతటవే లేచాయి. ఒక మెడ కోసం. పట్టుదారం వాసనా చెమట వాసనా కలిసిన మెడ. అందలేదు. పక్కనున్న కడ్డీ పట్టుకున్నాను.

"భయమైతాండాదా అక్కా?" అంది రాధిక.

"లేదు. ఇంకొంచెం నిదానంగా పోనిమ్మను" అన్నాను.