పట్నంబజారులో కోటిరత్నం

ధర కుదిరింది కానీ కాటా పడేసరికి మధ్యాహ్నం మూడవుతుందని కమిషన్ కొట్టు గుమస్తా చెప్పగానే, మిరపకాయల బస్తా మీద కూర్చున్న కోటిరత్నం లేచి చీర దులుపుకుంది.

"ఏమయ్యా, నేను ఊళ్ళోకి పోయొస్తా."

యలమందయ్య పెళ్ళాం వంక వింతగా చూశాడు. "ఊళ్ళో నీకేం పని?"

"పనేం లేదు. చూసొస్తా."

"ఏం చూస్తావు? జనం తప్ప ఏముందక్కడ?"

"ఆ జనాన్నే చూస్తా."

అద్దంకి దగ్గర పల్లెలో వాళ్ళది మూడెకరాల మిరప. కాపురానికి వచ్చిన ఇరవై ఆరేళ్ళలో కోటిరత్నం గుంటూరు యార్డుకి ఓ పదిసార్లయినా వచ్చి ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ గేటులోంచి లోపలికి రావడం, సాయంత్రం అదే గేటులోంచి బయటికి పోవడం. గుంటూరు అంటే ఆమెకు తెలిసింది ఘాటు, తుమ్ములు, గోతాల గుట్టలు. ఈసారి మాత్రం లారీ ఎక్కేటప్పుడే అనుకుంది, ఖాళీ దొరికితే ఊరు చూసి తీరాలని.

ఎక్కిన ఆటో పట్నంబజారు మొదట్లోనే ఆగిపోయింది. "లోపలికి పోదమ్మా. కాలవ కోసం రోడ్డంతా తవ్వి పోశారు. దిగి నడవాల్సిందే," అన్నాడు డ్రైవరు.

కోటిరత్నం దిగింది. దిగిన చోటే నిలబడిపోయింది. ఎదురుగా వీధి కాదు, తిరునాళ్ళ. ఒకవైపు ఇత్తడి బిందెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. ఇంకోవైపు పసుపు కొమ్ములు, కుంకుమ రాశులు, ఎండుకొబ్బరి. తలమీద చాపల కట్ట పెట్టుకున్న మనిషి ఒకడు "పక్క, పక్క, పక్క" అంటూ ఆమెను రాసుకుంటూ పోయాడు. ఎటు అడుగు వెయ్యాలో తెలియక చుట్టూ చూస్తుంటే, ఓ కొట్టు పంచన నీడలో నిలిపిన సైకిల్ రిక్షా కనబడింది. ఎర్రటి టాపు, వెనకవైపు రంగు వెలిసిన నెమలి బొమ్మ. సీటు మీద అరవై దాటిన మనిషి, తెల్లగడ్డం, మెడలో తువ్వాలు, తీరిగ్గా టీ తాగుతున్నాడు.

"ఎక్కడికి పోవాలమ్మా?"

"ఎక్కడికీ కాదు. ఊరు చూపించు."

అతను టీ గ్లాసు దించి నవ్వాడు. "ఇప్పుడు నా బండెక్కేది బియ్యం బస్తాలూ, బీరువాలేనమ్మా. మనిషెక్కి నెల దాటింది. రా, కూర్చో. నా పేరు మాలిక్. నేను పుట్టింది ఇక్కడే, నాకు తెలియని సందు ఈ ఊళ్ళో లేదు."

రిక్షా కదిలింది. అంత ఎత్తున కూర్చుంటే జనం తలల మీదుగా వీధి చివరిదాకా కనబడుతోంది. మాలిక్ గంట కొడుతూ, ఒక చేత్తో హ్యాండిలు తిప్పుతూనే రెండో చేత్తో చూపిస్తూ పోయాడు. అదిగో, ఆ మేడ కింద వంద రకాల గాజులు. ఇదిగో, ఈ సందులో అందరూ గొడుగులు బాగుచేసేవాళ్ళే. మసీదు పచ్చటి మినార్ పక్కనుంచి తిరిగితే గుడిగంట వినబడింది. ఆ వెనకాలే బజ్జీల వాసన. అంతలోనే అత్తరు వాసన. ఒక కొట్లో గాలిపటాలు, పక్క కొట్లో పురుగుమందు డబ్బాలు. పై అంతస్తు కిటికీలోంచి ఓ ముసలామె తాడు కట్టిన బుట్ట కిందికి వదిలితే, కూరగాయలవాడు అందులో కొత్తిమీర కట్టలు వేసి, పైకి లాగమన్నట్టు తాడు ఊపాడు. కోటిరత్నం చప్పట్లు కొట్టినంత పనిచేసింది.

"ఆపు ఆపు! ఆమె ఎప్పుడూ కిందికి దిగదా?"

"నేను పుట్టక ముందునుంచీ ఆ కిటికీలోంచి బుట్ట దిగుతూనే ఉందమ్మా. అప్పట్లో వాళ్ళత్త వదిలేది," అన్నాడు మాలిక్.

పూలకొట్ల వరస దాటుతుండగా వెనకనుంచి కేక వినబడింది. "మాలిక్ భాయ్! ఆగు! నీ పుణ్యముంటది, ఆగు!"

పూలకొట్టు ఖుర్షిదా. యాభై ఏళ్ళుంటాయి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో పెద్ద వెదురుబుట్ట పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. బుట్టలో తడిగుడ్డ కప్పిన పెళ్ళిదండలు. తెల్ల లిల్లీలు, మధ్యమధ్య గులాబీలు, మరువం.

"కొత్తపేట అవతల మండపంలో పెళ్ళి. పదకొండూ నలభైకి ముహూర్తం. దండలకోసం వచ్చిన కారు తవ్విన రోడ్డు దగ్గర ఇరుక్కుపోయింది, ముందుకీ రాదు, వెనక్కీ పోదు. మోటార్ సైకిలు మీద పెడితే నలిగి ముద్దయిపోతాయి. నువ్వే దిక్కు."

మాలిక్ ఇబ్బందిగా వెనక్కి చూశాడు. "బేరం ఉందమ్మా ఖుర్షిదా."

"బేరం లేదు, ఏం లేదు," అంది కోటిరత్నం. "నేనెక్కడికీ పోవట్లా. ఆ బుట్ట ఇటివ్వండి, ఒళ్ళో పెట్టుకుంటా. ఊరితోపాటు పెళ్ళి కూడా చూసినట్టుంటది."

అప్పటికి పదకొండు దాటి రెండు నిమిషాలైంది.

మాలిక్ అడ్డదారి పట్టాడు. సందులోంచి సందు, ఆ సందులోంచి ఇంకా ఇరుకు సందు. కోటిరత్నం ఒక చేత్తో బుట్టనీ, ఇంకో చేత్తో టాపు కడ్డీనీ పట్టుకుంది. వ్యానులోంచి కొబ్బరికాయలు దించుతున్న చోట కాలవకి అడ్డంగా చెక్కలు పరిచారు. మాలిక్ దిగి, సీటు పట్టుకుని రిక్షాని చెక్కల మీద నెమ్మదిగా నెట్టాడు. ముందు చక్రం దాటింది. వెనక చక్రాలు దాటాయి. అంతలో అతని కాలి కింద చెక్క జరిగింది. కాలు చెక్కకీ గట్టుకీ మధ్య దిగబడి మడమ దగ్గర మెలి తిరిగింది. "అల్లా!" అంటూ కూలబడ్డాడు.

కోటిరత్నం బుట్ట సీటు మీద పెట్టి దూకింది. కొబ్బరికాయలు మోస్తున్న ఆదాం అనే హమాలీ, ఆమె కలిసి అతన్ని పైకి లాగారు. మడమ అప్పుడే బూరెలా పొంగుతోంది. నేలమీద ఆనించబోయి మాలిక్ పళ్ళు బిగించాడు.

"నువ్వు తొక్కుతావా అబ్బాయ్?" అని ఆదాంని అడిగింది కోటిరత్నం.

"నా వల్ల కాదక్కా. లారీ అయినా నడుపుతా కానీ ఇది నడపలేను. ఒకసారి ఎక్కా. ఎక్కినోణ్ణి ఎక్కినట్టే పక్కకి ఈడ్చుకుపోద్ది."

పదకొండూ పదిహేను. కోటిరత్నం బుట్ట వైపు చూసింది. మాలిక్ వైపు చూసింది. తర్వాత రిక్షా హ్యాండిలు వైపు చూసింది.

"నేను తొక్కుతా."

"నువ్వా?" అన్నాడు మాలిక్, నొప్పి మర్చిపోయి.

"పదో తరగతి దాకా మా నాన్న సైకిలు మీదే అద్దంకి బడికి పోయేదాన్ని."

"సైకిలు వేరమ్మా, రిక్షా వేరు."

"మూడు చక్రాలుంటే పడిపోయే పనే లేదుగా! ఎక్కు ముందు."

ఆదాం మాలిక్‌ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టి బుట్ట ఒళ్ళో పెట్టాడు. కోటిరత్నం మిరపకోతకి దిగేటప్పటిలా కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకి బిగించి, కడ్డీ మీదుగా కాలు వేసి ఎక్కింది. తొక్కింది. సైకిలుకి అలవాటైనట్టు కుడివైపు వొంగింది. రిక్షా నిక్షేపంలా ఎడమకి తిరిగి ప్లాస్టిక్ సామాన్ల కొట్లోకి పోయింది. బకెట్లు వీధిలోకి దొర్లాయి. నీలం, ఎరుపు, పసుపుపచ్చ.

"ఏమ్మా, కొట్టు లోపలికే వచ్చేస్తావా ఏంది!" అని అరిచాడు కొట్టు యజమాని జయరావు, ఓ బకెట్టు వెనకాల పరుగెత్తుతూ.

"పెళ్ళిదండలయ్యా! ముహూర్తం ఇరవై నిమిషాలే ఉంది, తిట్లు తర్వాత తిడుదువు!"

వెనకనుంచి మాలిక్ నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. "ఒళ్ళు వంచొద్దు చెల్లెమ్మా. నువ్వెంత వొంగినా దీనికి లెక్కలేదు. నడుము నిటారుగా పెట్టి, ఒట్టి చేతుల్తో తిప్పు. హ్యాండిలు నీతో కొట్లాడుద్ది. నువ్వే గెలవాలి."

అమ్మా అన్న మనిషి చెల్లెమ్మా అన్నాడని కోటిరత్నం గమనించనైనా లేదు. పళ్ళు బిగించి హ్యాండిలు లాగింది. జయరావే వెనకనుంచి ఒక తోపు తోశాడు. రిక్షా వీధిలో పడింది.

మొదటి వంద గజాలు వంకరటింకరగా పోయింది. ఒక స్కూటరువాడు గోడకి అతుక్కున్నాడు. ఆ తర్వాత చేతులకి కిటుకు పట్టుబడింది. ఇరవై ఆరేళ్ళు మిరపచేలో వొంగి లేచిన కాళ్ళు అవి. ఒకసారి ఊపు అందుకున్నాక ఆగలేదు.

"గంట కొట్టు!" అన్నాడు మాలిక్.

గంట ఎవరికీ వినబడలేదు. చేలో చిలకల్ని తోలే గొంతు ఒకటి ఆమె దగ్గర ఉంది. అది తీసింది. "తప్పుకోండహో! పెళ్ళిదండలూ! దారివ్వండీ!"

వీధి వీధంతా తిరిగి చూసింది. రిక్షా తొక్కుతున్న చీరకట్టు ఆడమనిషి, వెనక సీట్లో దండల బుట్టతో గడ్డం రిక్షావాడు. ముందు నవ్వారు. తర్వాత దారిచ్చారు. కేక ఆమెకంటే ముందు పరుగెత్తింది. "పెళ్ళిదండలంట! జరగండి, జరగండి!" చెరకురసం బండివాడు బండి వెనక్కి లాగాడు. బట్టల కొట్లోంచి ఆడవాళ్ళు బయటికొచ్చి ఈలలు వేశారు. మలుపు దగ్గర పాతిక మేకల్ని తోలుకెళుతున్న మనిషి కేక విని, రోడ్డుకి అడ్డంగా నిలబడి మేకలన్నిటినీ తన వైపే నిలిపి, ఆమె పోయేదాకా కర్ర అడ్డం పెట్టాడు.

"ఎడమకి! ఇప్పుడు ఎడమకి!" మాలిక్ అరుస్తున్నాడు. "బ్రేకు, బ్రేకు! ఇక్కడ పల్లం!"

పల్లంలో రిక్షా ఎగిరెగిరి పడింది. గాలికి కోటిరత్నం కొప్పు ఊడింది. నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో, పొట్ట పట్టుకోవాలనిపించేంత నవ్వు. చేతులు ఖాళీ లేవు. నవ్వుతూనే తొక్కింది, తొక్కుతూనే అరిచింది.

మండపం గేటు దగ్గర పెళ్ళికూతురి తల్లి బాలసరస్వతి చెప్పుల్లేకుండా రోడ్డు మీదే నిలబడి ఉంది. కారు కోసం ఎదురుచూస్తున్న ఆమెకు రిక్షా కనబడింది, అందులో బుట్ట కనబడింది. "వచ్చాయండోయ్, దండలు వచ్చాయి!" అని లోపలికి కేకేసి, రిక్షా పూర్తిగా ఆగకముందే కోటిరత్నాన్ని వాటేసుకుంది. "నువ్వెవరివో నాకు తెలియదు తల్లీ. భోజనం చెయ్యకుండా వెళ్ళావంటే ఊరుకోను."

పదకొండూ ముప్పై మూడు. పువ్వు ఒక్కటీ నలగలేదు. పురోహితుడు లక్ష్మీనరసింహం గారు తడిగుడ్డ తీసి చూసి, "భేష్" అన్నారు. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి పెళ్ళికూతురు రాగసుధ మెడలో లిల్లీల దండ వేలాడుతోంది. స్తంభం పక్కన నిలబడి చూస్తున్న కోటిరత్నానికి ఆ పిల్ల ఎవరో తెలియకపోయినా కళ్ళు చెమర్చాయి. కాళ్ళు మాత్రం ఇంకా పెడల్స్ మీద ఉన్నట్టే కదులుతున్నాయి.

పెళ్ళికి వచ్చిన ఎముకల డాక్టరు ఒకాయన మాలిక్ మడమ నొక్కి చూశాడు. విరగలేదు, బెణికింది. కట్టు కట్టి, వారం రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. "వారమా!" అన్నాడు మాలిక్ దిగులుగా. అంతలో పులిహోర వచ్చింది. దిగులు వాయిదా పడింది.

భోజనాలయ్యాక బాలసరస్వతి కారులో పంపిస్తానంది. మాలిక్ రిక్షా వదిలి రానన్నాడు. "కారెందుకు? నేను దించుతా," అంది కోటిరత్నం. "కాటాకి ఇంకా గంటన్నర ఉంది."

ఈసారి తొందర లేదు. మాలిక్ తన రిక్షాలోనే దొరలా కాలు చాపుకుని కూర్చుని, అటు తిప్పు, ఇటు తిప్పు అంటూ ఊరు చూపించాడు. చిన్నప్పుడు తను ఈత నేర్చుకున్న బావి, ఇప్పుడు పైన ఇనప జాలీ. నూరేళ్ళనాటి సున్నం మేడ, దాని వసారాలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళు. తను పాతికేళ్ళు సవారీలకోసం కాసుకు నిలబడ్డ సినిమా హాలు, ఇప్పుడు దూది గోడౌను. నచ్చిన చోటల్లా కోటిరత్నం ఆపింది. ఆపి దిగి చూసింది. ఒక చోట గాజులు కూడా వేయించుకుంది.

"ఇన్నేళ్ళు తొక్కానా," అన్నాడు మాలిక్ ఒక మలుపు దగ్గర, "సీట్లో కూర్చుని ఈ వీధి చూడటం ఇదే మొదలు చెల్లెమ్మా. పైన ఆ గోడమీద పావురాల బొమ్మలు చెక్కారని ఇప్పుడే తెలిసింది."

ఇద్దరూ తలెత్తి ఆ పావురాలను కాసేపు చూశారు.

ఫోను మోగింది. యలమందయ్య. "ఎక్కడున్నావే? కాటాకి మన వంతు వస్తోంది."

"వస్తున్నా. రిక్షా తొక్కుతున్నా."

"ఎక్కావా?"

"ఎక్కడం కాదయ్యా, తొక్కుతున్నా."

"పడిపోకు," అన్నాడు యలమందయ్య.

మాలిక్‌ని ఇంటి గుమ్మం దాకా దించి, అతని కోడలికి అప్పగించి, ఆటో ఎక్కి యార్డుకి చేరేసరికి బస్తాలు కాటా మీద ఉన్నాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. చీర అంచుకి గొలుసు నల్లటి జిడ్డు. యలమందయ్య అవి చూశాడు, కొత్త గాజులూ చూశాడు.

సాయంత్రం లారీ క్యాబిన్లో చిలకలూరిపేట దాటేదాకా కోటిరత్నం చెబుతూనే ఉంది. బకెట్లు దొర్లడం చెప్పినప్పుడు లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. మేకల దగ్గరికి వచ్చేసరికి యలమందయ్య ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"కిటికీలోంచి బుట్ట వదిలే ముసలామా?" అన్నాడు. "నేను ముప్పైసార్లు పోయుంటా ఆ బజారుకి. నాకెప్పుడూ కనపళ్ళేదే. ఎక్కడ, ఏ సందు?"

"మసీదు దాటాక," అంది కోటిరత్నం, బొబ్బలెక్కిన చేతుల్తో గాల్లో మలుపు గీసి చూపిస్తూ. "తల పైకెత్తి నడవాలయ్యా. ఇదిగో, ఇలా తిరిగి, ఇట్టా పోయి..."