కుడిచేతి కెమెరా

“నీ చెయ్యి వణుకుతుంది కదా, అందుకని ఈసారి కుదుపులు పడనివ్వని కెమెరా తీసుకుందాం,” అన్నాడు భర్త, కెమెరాల బొమ్మలున్న కాగితం మీంచి తలెత్తకుండా.

ఆమె అప్పుడు సింకు ముందు నిలబడి పొద్దుటి గిన్నెలు తోముతోంది. ఆఫీసు నుంచి వచ్చి ఇంకా బట్టలైనా మార్చుకోలేదు. తప్పు చేతిది కాదండీ, అని చెప్పబోయింది. చెబితే వివరం అడుగుతాడు, వివరం చెబితే వినడు, ఎందుకొచ్చిన గొడవని పళ్ళెం కడిగి బోర్లించింది.

పాత కెమెరా మొన్నీమధ్యే కన్నుమూసింది. ఆడపడుచు కొడుకు పుట్టినరోజున, సరిగ్గా కొవ్వొత్తులు ఊదే వేళకి, క్యాసెట్టు మింగేసి మరి కక్కలేదు. అందరూ ఆమెని చూసిన చూపు చూస్తే, ఆ క్యాసెట్టుని ఆమే మింగిందనుకోవాలి ఎవరైనా. “అయ్యో వదినా, ఈ ఒక్క పనీ సరిగ్గా చెయ్యలేకపోయావా!” అంది ఆడపడుచు. ఒక్క పనిట! వచ్చినవాళ్ళందరికీ వండి, వడ్డించి, మధ్యలో తడిచేతులు తుడుచుకుని పరిగెత్తుకొచ్చి కెమెరా పట్టుకున్నది ఎవరో మరి?

ఇన్నేళ్ళలో ఆ కెమెరా లేకుండా ఆమె ఒక్క శుభకార్యానికీ వెళ్ళి ఎరగదు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఆ నల్ల సంచీ ఎప్పుడూ భుజానికి వేలాడుతూనే ఉంటుంది. మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ ‘కెమెరా అత్త’ అనే పిలుస్తారు. అసలు పేరేమిటంటే తడుముకుంటారు. ఆఫీసులో ఎవరికైనా వీడ్కోలు పార్టీ అన్నా, “మీకు అలవాటేగా మేడమ్,” అని ఆ పని ఆమె నెత్తినే రుద్దుతారు. తీసేటప్పుడు మాట్లాడకూడదు. “నీ గొంతే పెద్దగా పడుతుంది, మిగతావాళ్ళ మాటలు వినపడవు,” అని భర్త మొదట్లోనే చెప్పాడు. నవ్వితే బొమ్మ ఊగుతుంది కాబట్టి నవ్వనూ కూడదు. అందరూ విరగబడి నవ్వేచోట పెదాలు బిగబట్టి నిలబడడం ఎంత కష్టమో వాళ్ళూ ఓసారి చేసి చూడాలి. ఇంతా చేస్తే, ఆఖరికి టీవీ ముందు కూర్చుని, “వదిన తీస్తే భూకంపం వచ్చినట్టే ఉంటుంది,” అని మరిది హాస్యం. అప్పుడు మాత్రం అందరితో పాటు ఆమె కూడా నవ్వాలి. నవ్వేది, ఏం చేస్తుంది!

అసలు సంగతేమిటంటే ఆమెది పుర్రచెయ్యి. కెమెరాలు చేసేవాళ్ళకి లోకంలో అలాంటి మనుషులు కూడా ఉంటారని తెలిసినట్టు లేదు. పట్టీ కుడివైపే, మీట కుడి బొటనవేలి కిందే. అలవాటు లేని చెయ్యి అంత బరువుని గంటల తరబడి గాలిలో నిలబెడితే వణక్క ఏం చేస్తుంది? కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఎడంచేత్తో కాఫీ అందిస్తే అత్తగారు పుచ్చుకునేవారు కాదు. “మంచి చెయ్యి ఉండగా ఆ చెయ్యెందుకమ్మా,” అనేవారు, మెత్తగానే. దాంతో వడ్డన కుడిచేతికి నేర్పుకుంది. కూరలు తరగడం, రాసుకోవడం మాత్రం ఎడంచేతికే మిగిలాయి. ఆ పనులు చేసేటప్పుడు ఎవరూ ఆమె వైపు చూడరు కదా, అందుకని. ఈ కెమెరా నా చేతికి కుదరదండీ అని ఒకసారి భర్తతో అంది కూడా. “ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస,” అన్నాడు. ఇక ఆ ఊసెత్తలేదు.

వచ్చే నెలతో వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళు. హాలు మాట్లాడారు, చుట్టాలందరినీ పిలిచారు. అమ్మానాన్నల పాతికేళ్ళనీ చిన్న సినిమాలా కూర్చి ఆ రోజు వేస్తానని కూతురు పాత క్యాసెట్లన్నీ ముందేసుకుంది. అన్నీ చూసి, “అమ్మా, ఇందులో నాన్న ఉన్నాడు, నానమ్మ ఉంది, పక్కింటి కుక్క కూడా ఉంది. నువ్వెక్కడున్నావే?” అంది. వెతగ్గా వెతగ్గా ఒకచోట, భోజనాల గది అద్దంలో, మొహం ఉండాల్సిన చోట నల్ల డబ్బా పెట్టుకున్న ఆడమనిషి కనిపించింది. కూతురు పగలబడి నవ్వింది. ఆమెకి నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఒట్టి అలసట. పిల్ల పుట్టిన కొత్తలో తన మొహం ఎలా ఉండేదో ఇంక తెలుసుకునే దారి లేదు. పోయిందేదో పోయింది, ఈ ఒక్క రోజైనా నేను అందులో ఉండాలి, అనుకుంది. ఆ రోజు కెమెరా ఎవరు పట్టుకుంటారని భర్తని అడగాలి. అడుగుదాం అడుగుదాం అనుకుంటూనే ఆదివారం వచ్చింది, కొట్టుకి బయల్దేరారు.

కొట్లో అమ్మాయి అద్దాల బల్ల మీద కెమెరాలు వరసగా పేర్చింది. మాటలన్నీ భర్తతోనే. ఎంత దూరం లాగుతుంది, చీకట్లో పడుతుందా, కార్డులో ఎంత పడుతుంది... ఆయన అడుగుతుంటే ఆ అమ్మాయి ఓపిగ్గా చెబుతోంది. ఆమె ఒక్కటే అడిగింది.

“ఎడంచేత్తో పట్టుకునేవి ఉంటాయామ్మా?”

“ఉండవు మేడమ్. అన్నీ ఇలాగే వస్తాయి.”

“ఎవరిదే ఎడంచెయ్యి?” అన్నాడు భర్త.

“నాదండీ.”

“నీదా? అది ఎప్పుడో పోయిందిగా! అమ్మ మాన్పించేసింది కదా!”

జ్వరమా పోవడానికి! ఆయన రోజూ తినే కూర ఏ చేత్తో తరిగిందో ఆయనకి తెలియదు. పాతికేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే గదిలో. ఆమెకి కోపం రావాల్సింది. కోపానికి కూడా ఓపిక కావాలి.

ఆయన ఈలోగా అన్నిటికన్నా బరువైనదాన్ని ఎంచాడు. “ఇది చూడు. హాలు చివర నిలబడి తీసినా స్టేజీ మీద మొహాలు ఎదురుగా ఉన్నట్టే పడతాయిట. నువ్వు వెనకాల గోడకి ఆనుకుని హాయిగా తీసుకోవచ్చు. ఎవరికీ అడ్డం రావు.”

“స్టేజీ మీద ఎవరుంటారండీ?” అంది ఆమె నెమ్మదిగా.

“ఎవరుంటారేమిటి, మనమే!”

ఆయన మాట ఆయనకి వినపడలేదు. కొట్లో అమ్మాయికి వినపడినట్టుంది, చటుక్కున తలెత్తి చూసింది. ఆమె చాలాసేపు భర్త మొహంలోకి చూసింది, ఇప్పటికైనా ఏమైనా తడుతుందేమోనని. ఆయన కార్డు తీసి డబ్బు కట్టే కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

“చెయ్యి ఇలా పెట్టండి మేడమ్, పట్టీ మీ కొలతకి బిగించి ఇస్తాను,” అంది అమ్మాయి.

ఆమె రెండు చేతులూ బల్ల కిందికి దించుకుంది.

“సార్ వస్తారుగా, ఆయన చేతికి బిగించమ్మా.”

“మీరు తియ్యరా మేడమ్?”

“ఆ రోజు నాకు కుదరదమ్మా,” అంది ఆమె. “మా పెళ్ళిరోజు.”