వేలు దూరేంత వదులు

తెల్లవారేసరికి ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. తూర్పున ఒక్కచోట పలచబడి, దీవుల వెనక కాస్త వెలుగు నిలబడింది. చిల్‌బోక్ అప్పటికే తొడలదాకా నీళ్ళలో ఉన్నాడు. ట్రైలర్ వెనక్కి దిగింది. దాని చక్రాలు మునగగానే అతను చెయ్యెత్తాడు. డ్రైవర్ లారీ ఆపాడు.

ముప్పై ఏళ్ళుగా దక్షిణ కొరియాలోని ఈ చిన్న రేవులో అతని పని ఇదే: పడవల్ని నీళ్ళలోంచి తీయడం, ట్రైలర్ మీద కట్టడం, పంపడం. అరవై దాటినా సొంత పడవ లేదు. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి, అరచేతులు తోలుకట్టి ఉంటాయి.

ఇవాళ్టి పడవ పోంగ్‌సుది. పోంగ్‌సు పదేళ్ళు పెద్ద. అన్నా అనే పిలుపు. కడుపులో గడ్డకు నగరంలో ఆపరేషన్ ఉంది, ఇక వేట మాట మరిచిపొమ్మన్నారు. పడవ అమ్మేశాడు. ఇదే లారీలో వెళ్ళి, కొన్నవాడికి ఇంజను అప్పజెప్పి, అటునుంచి అటే ఆసుపత్రికి. భార్య ఇల్లు సర్దుకుని రేపు బస్సులో వెళుతుంది. చిల్‌బోక్ చెప్పాల్సిన మాటకు ఈ పొద్దు ఒక్కటే మిగిలింది.

ఇరవై రెండేళ్ళ కిందట పోంగ్‌సుకు తండ్రి చెక్కిన దేవదారు పడవ ఉండేది. దాన్ని కొండ అవతలి రేవుకు పంపేటప్పుడు కట్టింది చిల్‌బోక్. జనపనార తాడు, కాలితో తన్నిపెట్టి బిగించాడు. ఎండగా ఉంది. తడిస్తే తాడు ముడుచుకుంటుందని రేవులో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. కనుమలో వాన కురిసింది. దించేసరికి రెండువైపులా అంచు పలకలు చీలి ఉన్నాయి. చెక్క పుచ్చిపోయిందని పోంగ్‌సు అందరితో చెప్పాడు. ఆ మాట చాటునే చిల్‌బోక్ ఇన్నేళ్ళూ దాక్కున్నాడు.

పడవను నీటి మీదే నడిపించి ముక్కును ట్రైలర్ మధ్యకు తెచ్చాడు. కొక్కెం తగిలించి, చేతిమర నెమ్మదిగా తిప్పాడు. పడవ అడుగునుండే వెన్నుదూలం రోలర్ల మీద కూర్చుందో లేదో వంగి తడిమి చూశాడు. బరువంతా వెన్ను మీదే ఉండాలి, పక్కదిమ్మలు ఊరికే ఆనాలి. ఒడ్డుకు లాగాక అడుగు బిరడా తీసి నీళ్ళు కార్చాడు. ఇంజను ఊగకుండా కొయ్య దిమ్మ పెట్టాడు. పట్టీలు, నొక్కుడుకు ఆగేలా లోపల అడ్డగోడ ఉన్నచోటే వేశాడు, అంచుల దగ్గర పాత తువ్వాళ్ళు మడిచిపెట్టి.

డ్రైవర్ సిగరెట్టు పొగ వదిలి, పసిబిడ్డకు పొత్తిగుడ్డలు చుడుతున్నట్టుంది తాతా అన్నాడు.

"పసిబిడ్డయితే నొప్పెడితే ఏడుస్తుంది బాబూ," అన్నాడు ఒడ్డున చేపల పెట్టె మీద కూర్చున్న పోంగ్‌సు.

చిల్‌బోక్ పట్టీ బిగించి, బిగింపు మరను ఒక పన్ను వదిలి, మళ్ళీ చూసుకున్నాడు. గాలికి కొట్టుకోకుండా ఒక మెలిక వేశాడు. ప్రతి పట్టీ దగ్గరా, ఇప్పుడు చెప్తాను అనుకున్నాడు. ఆ పట్టీ అయ్యేది, ఇంకోదానికి పోయేవాడు. పట్టీలు నాలుగే.

పోంగ్‌సు లేచి వచ్చాడు. చొక్కా అతని మీద ఎవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, చివరి పట్టీ కింద చూపుడువేలు దూర్చాడు.

"ఈసారి వేలు దూరుతోందిరా," అన్నాడు.

చిల్‌బోక్ అతని వైపు తిరిగాడు. "అన్నా, ఆ రోజు నేను..."

"తెలుసు. నువ్వే వచ్చి చెప్తావని చూశాను. ఒక ఏడాది చూశాను." పోంగ్‌సు వేలు బయటికి తీసుకున్నాడు. "తరవాత మరిచిపోయాను."

మరిచిపోలేదని ఇద్దరికీ తెలుసు.

వానకు ముందే కనుమ దాటాలని డ్రైవర్ తొందరపెట్టాడు. ఇంట్లో వదిన అన్నం వండిందని చిల్‌బోక్ చెప్పినా ఆగలేదు. పోంగ్‌సు లారీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ట్రైలర్ మలుపు తిరిగేదాకా చిల్‌బోక్ పట్టీల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కటీ కదల్లేదు.

వదిన పిలిచి అన్నం పెట్టింది. సముద్రపు నాచు చారు, కాల్చిన చేప, కిమ్చీ పచ్చడి. ముగ్గురికి వండింది. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ తిన్నారు. బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె తల పైన, గోడ మీద ఆటుపోట్ల క్యాలెండరు. వేటకు మంచి రోజుల చుట్టూ పోంగ్‌సు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉంచాడు, డిసెంబరు చివరిదాకా.