ఊదిన నీళ్లకు పత్యం

నేను ఒక నీళ్ల డబ్బాను. నీలం రంగు, పొట్టి మెడ, ఇరవై లీటర్ల పొట్ట. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులో పెట్టి గాలి ఊదితే ఉబ్బి ఇలా తయారయ్యాను. నాతో పాటు పుట్టిన అన్నదమ్ములందరిదీ ఒకటే పోలిక. పెళ్లిచూపుల్లో ఒకరికి బదులు ఒకరిని చూపించినా ఎవరూ కనిపెట్టలేరు.

నేను లారీ దిగింది కనిగిరి వైపు, ఒక కొండ పక్క దర్గా ముందు. ఆ ప్రాంతంలో బోరు నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి. తాగితే పిల్లల పళ్లకు గార, పెద్దల మోకాళ్లకు వంకర. నీళ్లలోని ఫ్లోరైడ్ చేసే పని అది. దర్గా చూసుకునే ముజావరు మౌలాలి సాహెబు ఆ నీళ్లే తాగి ముసలివాడైనవాడు. నేను రాకముందు ఒక ఏటి ఉరుసులో మైకు పట్టుకుని, "సమాధికి ఎన్ని చాదర్లు కప్పుతారయ్యా? ఎండాకాలం, లోపల ఆయనకేం చలి పుట్టడం లేదు. దప్పిక మనకుండాది. ఈసారి మొక్కులన్నీ నీళ్లకివ్వండి, సవాబొస్తది" అన్నాడు. పుణ్యం ఏ భాషలో వచ్చినా జనం కాదనరు. రెండు ఉరుసులు తిరిగేసరికి దర్గా పక్క రేకుల షెడ్డులో నీళ్లు శుద్ధి చేసే మిషన్ కూర్చుంది. చుట్టుపక్కల ఊళ్లకు ఆటోలో ఉచితంగా నీళ్లు బయలుదేరాయి.

నేను వెళ్లింది మాలకొండమ్మ ఇంటికి. ఆవిడ మోకాళ్లు మడత పడేవి కావు. ఎక్కడ కూర్చున్నా కాళ్లు బార్లా చాపుకుని దారి మొత్తం ఆక్రమించేది. కోడలు వెంగమ్మ నవ్వొస్తే ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు వినపడేదే గానీ కనపడేది కాదు. మనవరాలు భవ్యకి అప్పుడే పాలపళ్లు మొలుస్తున్నాయి. ఈ పిల్లయినా నోరు మూసుకోకుండా నవ్వాలన్నది మాలకొండమ్మ ఒకే ఒక్క కోరిక.

అంత కోరిక ఉన్న మనిషి ఏం చేయాలి? డబ్బా మూత తీసి నీళ్లు తాగించాలి. మాలకొండమ్మ నాకు బొట్టు పెట్టింది.

ఆవిడ తప్పేమీ లేదు. పిల్లకు జ్వరమొచ్చినా, నిద్రలో ఉలిక్కిపడినా, సాయంత్రం గ్లాసుతో నీళ్లు పట్టుకుని మసీదు ముందు నిలబడడం ఆ ఊరి అలవాటు. నమాజు ముగించుకుని వచ్చే పెద్దమనిషి చదివి ఊదిన నీళ్లు స్పూనుతో తాపుతారు. అలాంటిది దర్గా నుంచి ఏకంగా డబ్బాడు వచ్చాయంటే ఎవరైనా దేవుడి పటాల కిందే పెడతారు. భవ్యకి పూటకో స్పూను నాలోవి, తక్కిన దాహమంతా బోరువి. పప్పు, అన్నం, టీ సరేసరి. ఊరంతా అదే వరస. గంధం, వేపాకు రెమ్మ, ఒకింట్లో పూలదండ కూడా. మా అన్నదమ్ములం దేవుళ్లమైపోయాం. నా లోపలి నీళ్లు మాత్రం నాచు పట్టడం మొదలుపెట్టాయి. పూజలందుకుంటూ లోపల కుళ్లిపోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఖాళీ డబ్బాల కోసం వచ్చిన ఆటో ఖాళీగానే వెళ్లింది. ఆ ఊరికి నీళ్లక్కర్లేదట, వేరే ఊరికి ఇచ్చేద్దామని దర్గా కమిటీ వాళ్లు అన్నారు. మౌలాలి సాహెబు తనే కొత్త డబ్బాలేసుకుని బయలుదేరి వచ్చాడు.

మాలకొండమ్మ గర్వంగా నన్ను చూపించింది. "చూడు సాయిబూ, ఎంత పొదుపుగా వాడుతుండానో. ఇంకా మెడ దాకా ఉండాయి."

ముసలాయన నా మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇయ్యి తాగే నీళ్లమ్మా. నేను ఊదలేదు, మిషన్ ఊదింది."

"ఊదకుండా పంపిచ్చావా?" ఆవిడకు కోపం వచ్చింది. "పసిబిడ్డ ఉండే ఇంటికి ఉత్త నీళ్లా! ఇదేం దర్మం సాయిబూ?"

ఆయన వెంగమ్మ వైపు చూశాడు. వెంగమ్మ కొంగు చాటున నవ్వుతోంది. ఆయన గడ్డం నిమురుకుని, కొత్త డబ్బా దింపించి, కళ్లు మూసుకుని ఏదో చదివి గట్టిగా ఊదాడు.

"ఊదినా. అయితే దీనికి పత్యముండాది."

"చెప్పు సామీ."

"రేపు పొద్దుగూకేలోపు అయిపోవాల. తాగను, వండను, టీకి, అన్నిటికీ ఇయ్యే. నిలవ పెడితే పనిచెయ్యవు. బోరు నీళ్లు నోట్లో పడ్డాయా, పత్యం చెడినట్టే."

పత్యం అన్న మాటకు మాలకొండమ్మ తలొగ్గింది. అప్పటికప్పుడు నన్ను వాకిట్లో బోర్లించింది. గుడగుడమని ఖాళీ అయిపోతుంటే ఎంత హాయి అనుకున్నారు! మర్నాడు కందిపప్పు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉడికింది. "ఊదిన మహిమ" అందావిడ. ఉప్పునీళ్లు కాకపోవడం వల్లనేమో అని నాకనిపించింది గానీ, డబ్బాలను ఎవరడుగుతారు?

తర్వాత ప్రతి ఇల్లూ తమ డబ్బా మీదా ఊదమంది. పాపం, ఆయనకు ఆయాసం. చివరికి మిషన్ మీదే ఒకసారి ఊదేసి, "ఇంక ఎన్ని డబ్బాలకైనా సరిపోద్ది" అని మైకులో చెప్పేశాడు.

ఏళ్లు గడిచాయి. నిండడం, ఖాళీ అవడం, ఆటోలో తిరగడం, నా సంసారం అదే. ఒకనాడు మాలకొండమ్మ ఇంటి ముందే ఆటో మీంచి పడి అడుగున పగిలాను. పాతసామాన్లవాడు ఉల్లిపాయలిస్తానన్నా మాలకొండమ్మ ఇవ్వలేదు. మెడ కోయించి, మట్టి నింపి, పుదీనా నాటింది.

ఆ కాలంలోనే భవ్యకి ముందుపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. ఒలిచిన వెల్లుల్లి రెబ్బల్లా తెల్లగా. నిన్న వాకిట్లో కోడిపుంజు జారిపడితే, ఆ పిల్ల అమ్మను చూసి నేర్చుకున్నట్టే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది.

"చెయ్యి తియ్యవే!" అని కసిరింది మాలకొండమ్మ. "ఇన్నేళ్లూ పత్యం చేయిచ్చింది నువ్వు మూసుకోడానికా?"

పిల్ల చెయ్యి తీసింది. వెంగమ్మకూ నవ్వొచ్చింది. కొంగు సగం దాకా లేచి, అక్కడే ఆగింది.

తర్వాత వెంగమ్మ మంచినీళ్ల చెంబు నాలో వంచబోతే అత్త ఆపింది. "దానికి బోరు నీళ్లు చాలు. పుదీనాకేమన్నా పళ్లొస్తాయా?"

అలా ఇన్నాళ్లకు నాలో బోరు నీళ్లు పడ్డాయి. నాకేం బెంగ లేదు. అడుగున పగులుందిగా, నిలవ ఉండవు.