సిగరెట్ పెట్టెకు చొక్కా

కవరు మళ్ళీ చిరిగిందంటూ అతను దాన్ని ఆమె ఒళ్ళోకి విసిరాడు. "పొద్దుటికి కొత్తది కుట్టెయ్. ఆ బొమ్మ చూస్తూ టీ తాగలేక చస్తున్నా."

బొమ్మంటే సిగరెట్ పెట్టె మీద అచ్చువేసే పుండుపడ్డ గొంతు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు అతను నిజంగానే జడుసుకున్నాడు, కొన్నాళ్ళు సిగరెట్టు ముట్టలేదు. కట్టుకున్నది మొత్తుకుంటే చెవిన పెట్టని మనిషి కాగితం మీది బొమ్మ మాటైనా విన్నాడని ఆమె సంబరపడింది. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. పెళ్ళానికి కుట్టుపని వచ్చన్న సంగతి అతనికి గుర్తొచ్చింది. పగలంతా ఫ్యాక్టరీలో ఎవరెవరి చొక్కాలకో కాలర్లు కుట్టి వచ్చిన చేతులతోనే ఆమె నీలం గుడ్డతో ముచ్చటైన కవరు కుట్టిచ్చింది. అడిగితే కాదనడం ఆమెకు ఎవరూ నేర్పలేదు మరి. "సిగరెట్టు పెట్టెకి కూడా చొక్కానే! నా కొడుకు సోకు చూడండి" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయింది. చొక్కా తొడిగాక బొమ్మ నోరు మూతపడింది, అతను తాగే సిగరెట్లు రెట్టింపయ్యాయి.

దగ్గు మాత్రం ఆమెకు పట్టుకుంది. "బట్టల మీద దగ్గకమ్మా, అవి డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్ళవి" అని సూపర్‌వైజరు అందరి ముందూ అన్న రోజు, తల కొట్టేసినట్టయి, సెలవు పెట్టి ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకి పెట్టి, ఊపిరితిత్తుల్లోని మచ్చను చూసింది.

"సిగరెట్లు తాగుతావా?"

"నేనా! మా ఆయనండీ."

"ఇంట్లోనేనా? ఆ పొగ నీకిక పడదమ్మా. ఇలాగే పీలుస్తూ పోతే ఊపిరందని రోజొస్తుంది."

ఇంటికొచ్చి చెబితే అతను నవ్వాడు. "తాగేవాణ్ణి నేను గుండ్రాయిలా ఉన్నా. తాగనిదానివి, నీకెందుకొస్తుంది? అంతగా ఉంటే కిటికీ తీసుకో." ఎక్స్‌రేను బయటికి తీసి చూడనైనా లేదు. వచ్చింది వచ్చినట్టే బీరువా మీదికెక్కింది.

ఇప్పుడు ఆమె వంటిల్లు సర్ది, మిషను ముందు కూర్చుంది. గుడ్డ తీయలేదు. బీరువా మీది ఎక్స్‌రేను దించి, మచ్చ పడినంత మేరా కత్తిరించి, దానితోనే కవరు కుట్టింది.

పొద్దున్నే అతను పెట్టెను అందులో దూర్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కటెముకలు కనబడగానే మొహం చిట్లించాడు.

"దీనిమీదా బొమ్మేనా? ఎవరిదిది?"

"నాదే."

అతను తలెత్తి ఆమెను చూశాడు. ఇప్పుడైనా ఏదో ఒకటి అంటాడని ఆమె ఎదురుచూసింది. అతను పెట్టెను బయటికి లాగి, కవరును బల్లమీద పడేసి, ఆ పుండుపడ్డ గొంతునే జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఎవరి గొంతునో భరించగలిగాడు, ఆమె ఊపిరితిత్తులనే చూడలేకపోయాడు.

ఆమె దుఃఖం తీరేదాకా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని ఫోను తీసింది.

"అక్కా, మీ ఇంట్లో సిగరెట్టు తాగేవాళ్ళెవరూ లేరు కదా? నాకూ నా మిషనుకీ కాస్త చోటుంటుందా?"