జీతాల పుస్తకంలో లేని పేరు

మా లాండ్రీలో ఇస్త్రీబల్ల నాది, గల్లాపెట్టె అన్నయ్యది. పన్నెండేళ్లుగా ఇదే ఏర్పాటు. పోయిన ఏడాది ఆవిరి గొట్టం ఊడి నా కుడి ముంజేయి కాలింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. చూడడానికొచ్చిన అన్నయ్య హోటలువాళ్ల దుప్పట్లు ఎప్పుడు మొదలుపెడతావని అడిగాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఏడో రోజు కట్టుతోనే పనిలోకి వెళ్లాను.

నిన్న ఆడిటరు వచ్చి బిల్లులన్నీ నా బల్లమీదే పరిచాడు. కొట్టు ఖర్చులు ఒక కుప్ప, ఇంటి ఖర్చులు ఇంకో కుప్ప. కొట్టు ఖర్చు పోగా మిగిలిన లాభానికే పన్ను. అందుకని అన్నయ్య తన ఇంట్లో టీవీ బిల్లుని కూడా కొట్టు కుప్పలోకి తోశాడు. వదినను పుట్టింట్లో దింపిన పెట్రోలుకి బట్టల రవాణా అని పేరు పెట్టాడు. సిగ్గనేది ఉండాలి మనిషికి. ఆడిటరు మొహమాటపడకుండా రెండూ తీసి అవతల పెట్టాడు.

నా ఆసుపత్రి బిల్లును మాత్రం అన్నయ్యే స్వయంగా ఇంటి కుప్పలో వేశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నా చెయ్యి కాలింది ఇంట్లో పొయ్యి దగ్గరా అని అడిగాను. పనిచేస్తూ గాయపడినవాళ్ల వైద్యం కొట్టు ఖర్చే అవుతుందనీ, కానీ జీతాల పుస్తకంలో నా పేరే లేదనీ ఆడిటరు చెప్పాడు. మొన్న మొన్న చేరి బట్టలకి గుర్తులు కుట్టే ఆవిడ పేరుంది. నాది లేదు.

అన్నయ్య వెంటనే పుస్తకం తెరిచి, ఏడాది జీతం ముట్టినట్టు పన్నెండు గళ్లలో సంతకాలు పెట్టమన్నాడు. పన్ను తగ్గుతుందట.

"పెడతాను. ముందు ఆ డబ్బు నా చేతిలో పెట్టు" అన్నాను.

ఇవ్వని జీతం రాస్తే తాను ఆ లెక్కలు ముట్టుకోనని ఆడిటరు కూడా తేల్చేశాడు. అన్నయ్య పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నాడు, నాకివ్వాల్సింది ఎంత, పన్ను ఎంత అని. చివరికి పుస్తకం మూసేసి, బిల్లు ఇంటి ఖర్చులోనే ఉండనివ్వండి, పన్ను కట్టేస్తానన్నాడు. పైసా కోసం ప్రాణం పెట్టే మనిషి, నాకివ్వడంకన్నా పన్ను కట్టడమే నయమనుకున్నాడు.

"ఇంటి మనిషివి, నీకు జీతమేంటమ్మా?" అన్నాడు, ప్రేమగానే.

నేను ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేశాను. సాయంత్రానికి హోటలుకి చేరాల్సిన దుప్పట్లు ఎనభై, ఇంకా తడిగానే ఉన్నాయి.

"అయితే ఇంటికెళ్తున్నా అన్నయ్యా. అవి నీ పుస్తకంలో పేరున్నవాళ్లతో చేయించుకో."