జక్కయ్య బండికి కొత్త పంపు

జక్కయ్యకి కోపం వస్తే ముందూ వెనకా చూడడు. పటమట ఆటోనగర్లో, పదిమంది మెకానిక్కులు చూస్తుండగా, సొంత బావమరిదిని పట్టుకుని "నీ చేతికి స్పానరు ఇచ్చినవాణ్ణి అనాలిరా!" అని కేకలేశాడంటే ఇక ఆ మనిషి సంగతి వేరే చెప్పాలా? బావమరిది అబ్రహాము చేతుల గ్రీజు తుడుచుకుంటూ అన్నీ పడ్డాడు. అక్క మొగుడాయె, ఏమంటాడు!

అసలు కథ పంపుతో మొదలైంది. జక్కయ్యది పామర్రు. అక్కడి టాక్సీ స్టాండులో ఓ పాత అంబాసిడరు అతనిది. ఎండాకాలం వస్తే ఆ బండికి జబ్బే. మిట్టమధ్యాహ్నం ఇంజను వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి, బండి కాలవగట్టు మీద చతికిలబడేది. అప్పుడిక తువ్వాలు కాలవలో ముంచి, ట్యాంకు నుంచి ఇంజనుకి పెట్రోలు తోడే పంపు మీద కప్పి, చల్లబడేదాకా తుమ్మచెట్టు కింద కూర్చోవడమే. డ్రైవర్లందరూ చేసేదే అది. కానీ ఈ వేసవికి జక్కయ్యకి అలా కుదరదు. కూతురు మార్తకి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పుకి పిల్లని చల్లపల్లి అత్తారింటి నుంచి సొంత బండిలో తెచ్చుకోవాలని, కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచీ అతనికి ఒకటే ఆశ. నిండు చూలాల్ని నడిరోడ్డు మీద ఎండలో కూర్చోబెట్టి పంపుకి తడిగుడ్డ వేస్తాడా ఎవడైనా?

అందుకని ఆటోనగర్లో మెకానిక్కయిన అబ్రహాము పెద్ద బండ్లకి వాడే పంపు ఒకటి తెచ్చి బిగించాడు. అది కావలసినదానికంటే ఎక్కువ పెట్రోలు తోస్తుంది. ఇంజను తాగగా మిగిలింది వెనక్కి ట్యాంకులోకి పోవడానికి వేరే రిటర్ను పైపు వేశాడు. పెట్రోలు అలా తిరుగుతూ ఉంటే పైపులో మరిగే పనే ఉండదన్నాడు.

వినడానికి బాగానే ఉంది. మర్నాటికల్లా, ఇంజనుకి పెట్రోలు కొలిచి అందించే కార్బొరేటరు పొంగడం మొదలుపెట్టింది. నల్లపొగ, ఇంజను ఒకటే దగ్గు, బానెట్ కింద నుంచి బొట్లుబొట్లుగా పెట్రోలు. ఆ కంపుతోనే జక్కయ్య కూతుర్ని చూసి వద్దామని చల్లపల్లి వెళ్ళాడు. వియ్యపురాలు శౌరమ్మ వీధిలోకి వచ్చి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇదేం బండి అన్నయ్యగారూ! అగ్గిపుల్ల గీస్తే వీధంతా పోయేట్టుంది."

"అంతా మా బావమరిది నిర్వాకం చెల్లెమ్మా. దిక్కుమాలిన పంపు పెట్టి నా బండిని నాశనం చేశాడు," అన్నాడు జక్కయ్య. నోటికి అడ్డూ ఆపూ ఉంటేగా!

"అయితే ఆయన చెయ్యి పెట్టిన బండిలో మా కోడల్ని పంపను. పురుడు ఇక్కడే పోస్తాం," అంది శౌరమ్మ. ఆవిడ ఒకసారి అన్నదంటే ఇక అంతే.

గుమ్మంలో నిలబడ్డ మార్త కళ్ళనిండా నీళ్ళు తిరగడం జక్కయ్య చూశాడు. ఆ కడుపుమంటంతా తిన్నగా పటమట వెళ్ళి అబ్రహాము మీద పడింది.

శౌరమ్మ అన్న మాటతో సహా కేకలన్నీ అయ్యాక జక్కయ్య బల్ల మీద కూలబడ్డాడు. అబ్రహాము నెమ్మదిగా బానెట్ ఎత్తాడు. కార్బొరేటర్లో పెట్రోలు నిండగానే దారి మూసే ఫ్లోటు, నీడిలు కొత్తవి వేశాడు. పొంగడం ఆగలేదు. పక్క షెడ్డు నుంచి ప్రెషరు గేజి తెచ్చి పైపుకి తగిలించాడు. ముల్లు ఉండాల్సిన చోటు దాటేసి పైకి పోయింది. ఆ తోపుడికి నీడిలు మూసుకోలేక పెట్రోలు పొంగిపోతోందన్నమాట. పంపు తోపుడు తగ్గుతుందేమోనని దానికీ ఇంజనుకీ మధ్య ఇంకో ప్యాకింగు వేసి చూశాడు. ముల్లు కాస్త దిగి, మొరాయించింది.

"నే చెప్పలా? పంపు పనికిమాలిందని!"

"ఉండు బావా. పెట్రోలు పోవడం పోతోంది. వెనక్కి వస్తోందో లేదో చూద్దాం."

బండి కిందికి దూరి, వెనక ట్యాంకు దగ్గర రిటర్ను పైపు ఊడదీసి దాని కొస డబ్బాలో పెట్టాడు. ఇంజను తిప్పగానే డబ్బాలోకి ధార పడింది. గేజిలో ముల్లు బుద్ధిగా దిగొచ్చింది.

"పంపు మంచిదే బావా. ట్యాంకు నోరే మూసుకుపోయింది," అంటూ ఇంజను ఆపి, ట్యాంకు గొట్టంలో రాగితీగ పెట్టి కెలికాడు. పసుప్పచ్చటి ముద్ద ఒకటి ఊడొచ్చింది. వేళ్ళతో నలిపి చూశాడు.

"సబ్బు!"

జక్కయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. పంపు వేయించుకుని ఇంటికెళ్ళిన సాయంత్రం ట్యాంకు దగ్గర కొత్త అతుకు చెమ్మగా కనిపించింది. ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు రుద్దడం డ్రైవర్లకి వెన్నతో పెట్టిన విద్య. పెట్రోలులో సబ్బు కరగదు మరి. పైన రుద్ది ఊరుకున్నా బాగుండేది. మనవాడు పైపు లాగి, గొట్టం చుట్టూ లోపలా సబ్బు కూరి, మళ్ళీ గట్టిగా తొడిగాడు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

"నేనేరా... ఆ పని చేసింది నేనే," అన్నాడు జక్కయ్య.

అబ్రహాము పడీ పడీ నవ్వాడు. "ఇంట్లో సబ్బు ఏమైపోయిందని అక్క ఎవర్ని తిట్టుకుంటోందో పాపం!" తర్వాత మెల్లగా అన్నాడు. "మీ వియ్యపురాలికి మాత్రం ఇంకో మెకానిక్కు బాగుచేశాడని చెప్పు బావా. పిల్లని పంపేస్తుంది. నాదేం పోయింది?"

ఆ మాట జక్కయ్యకి నచ్చింది. నిజం చెప్పొద్దూ, బాగా నచ్చింది.

మర్నాడు ఇద్దరూ కలిసి చల్లపల్లి వెళ్ళారు. శౌరమ్మ బండి చుట్టూ తిరిగి వాసన చూసింది.

"కంపు పోయిందే! ఎవరు చేశారు అన్నయ్యగారూ?"

ఎవరిదో ఒక పేరు జక్కయ్య నాలిక చివరిదాకా వచ్చింది. అబ్రహాము ఏమీ పట్టనట్టు అటు తిరిగి నిలబడ్డాడు. మేనకోడల్ని తీసుకురావడానికని ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు పిచ్చివాడు. ఆ వీపు చూసేసరికి జక్కయ్యకి నోట్లోంచి అబద్ధం రాలేదు.

"వీడే చెల్లెమ్మా. పంపు పెట్టిందీ వీడే, బాగుచేసిందీ వీడే. మధ్యలో పాడుచేసింది నేను." సబ్బు సంగతంతా చెప్పేశాడు.

శౌరమ్మ ముఖం గంటు పెట్టుకుంది. "అంటే నమ్మకూడనిది మిమ్మల్నన్నమాట."

"అవునమ్మా."

"మరి ఎవర్ని నమ్మి పంపమంటారు?"

జక్కయ్య జేబులోంచి తాళం తీసి అబ్రహాము చేతిలో పెట్టాడు. ఆ బండి కొన్నాక రోడ్డు మీద ఇంకొకళ్ళని స్టీరింగు ముట్టుకోనిచ్చింది లేదు. "వీణ్ణి నమ్మి పంపండి. నేను వెనక కూర్చుంటా."

శౌరమ్మ అతని వంక ఒక్క క్షణం చూసి, ఇంట్లోకి కేకేసింది. "మార్తా! పెట్టె సర్దుకోవే!"

"అసలు విప్పితేగా అత్తయ్యా!" అని లోపల్నుంచి జవాబు. శౌరమ్మకి కూడా నవ్వాగలేదు.

ఎండ మండిపోతోంది. బండి ఎక్కడా ఆగలేదు. మలుపు వచ్చినప్పుడల్లా జక్కయ్య వెనక సీట్లో కాలితో లేని బ్రేకు తొక్కుతున్నాడు. మార్త చూసి నవ్వింది.

"నువ్వు నా పక్కన కూర్చోవడం ఇదే మొదలు నాన్నా."

అవును. బడికి దింపినా, పెళ్ళినాడు చర్చికి తీసుకెళ్ళినా, ఈ బండిలో ఆ పిల్ల చూసింది తండ్రి వీపే. ఆ మాట తట్టేసరికి జక్కయ్యకి కళ్ళు చెమర్చాయి. మార్త అతని భుజం మీద తల వాల్చి, కాసేపటికి నిద్రపోయింది. భుజం తిమ్మిరెక్కినా అతను కదల్లేదు.

"ఒరే అబ్రహామూ," అన్నాడు గొంతు తగ్గించి, "మెల్లగా పోనీరా. తొందరేం లేదు."